ఖాళీ బుడగలు

ఫిబ్రవరి 3, సోమవారం

గండం గడిచింది. ముందు ఆ మాట రాసేసుకుంటే మిగతాది రాయగలనేమోనని రాస్తున్నాను.

ఆసుపత్రిలో తమ్ముడికి క్యాన్సర్ గడ్డకి కొత్త మందు మొదలుపెట్టి ఎంతోసేపు కాలేదు. సంచిలోంచి ఎర్ర మందు సన్నగా గొట్టంలోకి దిగుతోంది. నేనేమో మరదలికి దాని గొప్పతనం వివరిస్తున్నాను. ఇది ఉత్త మందు కాదమ్మా, కొవ్వు పొరతో చేసిన బుడగల్లో దాచిన మందు, ఒక్కో బుడగ వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉంటుంది, గుండె జోలికి పెద్దగా పోకుండా గడ్డ దగ్గరికి చేరుతుంది, ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో నా పని ఇలాంటి వాటితోనే, నా మాట నమ్ము అని ఒకటే ఊదరగొడుతున్నాను. అంతలో వాడు "అక్కా" అన్నాడు.

ఆ గొంతు వాడి చిన్నప్పుడు విన్నాను, గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు. తిరిగి చూస్తే మొహం ఎర్రగా కందిపోయింది. నడుము పట్టుకుని లేవబోతున్నాడు. ఊపిరి అందడం లేదు. నర్సు ఒక్క అంగలో వచ్చి మందు ఆపేసింది. కాసేపటికి వాడు మామూలు మనిషయ్యాడు. నేను ఇంకా కాలేదు.

డాక్టరమ్మ తాపీగా చెప్పింది. "మొదటిసారి కొందరికి ఇలా అవుతుంది. ఒంట్లో కాపలా కాసేవి ఉంటాయి కదా, అవి ఈ బుడగల్ని చూసి దొంగలనుకుని ఒక్కసారిగా మీద పడతాయి. కాసేపాగి బాగా నిదానంగా ఎక్కిస్తే సర్దుకుంటాయి." ఇది నాకు తెలియని సంగతేం కాదు. పుస్తకాల్లో చదివాను, ఒక మీటింగులో దీని గురించి నేనే మాట్లాడాను కూడా. కానీ తెలిసిన సంగతి తమ్ముడి మొహం మీద కనబడితే చదువంతా ఎటో పోయింది.

నిదానంగా ఎక్కించడానికి వాడు కూర్చుంటే కదా. సూది వాడే పీకేసుకున్నాడు. "చాలు, ఇంటికి పోదాం పదండి," అన్నాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి డాక్టరమ్మ ఇరవయ్యో తారీఖున మళ్ళీ రమ్మంది. వాడు తల కూడా ఊపలేదు.

పోనీ, ఈ పూటకి మనిషి దక్కాడు. హమ్మయ్య.

ఫిబ్రవరి 4, మంగళవారం

ల్యాబ్‌కి వెళ్ళాను గానీ పనేమీ చెయ్యలేదు. మందు నింపని నా ఖాళీ బుడగల సీసాలు ఫ్రిజ్ తలుపు పక్క అరలో ఉన్నాయి. తీసి లోపలికంటా వెనక మూలకి జరిపాను. తలుపు తీసిన ప్రతివాళ్ళ చెయ్యీ వాటికి తగలడం ఇవాళెందుకో నచ్చలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఫోనెత్తడు. మరదలు చెప్పింది, సెలవులో ఉండి కూడా పొద్దున్నే స్కూలు షెడ్డుకి పోయి తన బస్సు అద్దాలు తుడిచి వస్తున్నాడట. ఆ బస్సు ఇప్పుడు వేరే డ్రైవరు నడుపుతున్నాడు. ఆయనకి చిరాగ్గా ఉందట.

నాకూ చిరాగ్గానే ఉంది. తొడలో గడ్డ పెద్దది. అది చిన్నదైతే తప్ప కత్తి పెట్టనని సర్జను గారన్నారు. పాత మందు దాన్ని తగ్గించేలోపే గుండెను దెబ్బతీసింది. ఇంకోసారి అదే ఇస్తే గుండె తట్టుకోదు, ఏమీ ఇవ్వకపోతే గడ్డ ఊరుకోదు. వాడికి మిగిలింది ఈ బుడగల మందొక్కటే. ఇదంతా వాడికి తెలుసు. తెలిసే మొండికేశాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఒప్పుకున్నాడు! తల ప్రాణం తోకకొచ్చింది గానీ ఒప్పుకున్నాడు.

పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి సోఫాలో బైఠాయించాను. ఫోన్లో మా మైక్రోస్కోపు కింద తీసిన వీడియో చూపించాను. ల్యాబ్‌లో పెంచిన కణాలు గిన్నె అడుగుకి అతుక్కుని పరుచుకుని ఉంటాయి. వాటి చుట్టూ మెరిసే చుక్కలు తిరుగుతుంటాయి. అవే బుడగలు, మెరవడానికి రంగు పూశాం.

"ఇప్పుడు చూడు. ఈ కణానికి నోరుండదు. బుడగ తగిలిన చోట తన పొరనే లోపలికి సొట్ట పెట్టుకుంటుంది. ఆ సొట్టలోకి బుడగ దిగగానే పైన మూతి బిగించేస్తుంది. అంతే, మింగేసినట్టే."

"అది దేనికి మింగుతుంది? తెలివిలేదా?"

"తిండేమో అనుకుంటుంది."

"నీలాగే," అన్నాడు. వాడి ప్లేటులో బిస్కెట్లు అప్పటికి నేనే ఖాళీ చేశాను.

తిట్టాను. తర్వాత వాడే కాస్త ముందుకి వంగి, "అంటే మందు బస్సెక్కి వస్తుందన్నమాట. మరి ఏ స్టాపులో దిగాలో దానికెవరు చెప్తారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పరురా. మామూలు చోట రక్తనాళాల గోడ గట్టిగా ఉంటుంది, బుడగ పట్టదు. గడ్డ ఉంది చూశావూ, అది తొందర తొందరగా పెరిగింది కదా, దాని నాళాలన్నీ అతుకుల బొంత. సందులుంటాయి. ఆ సందుల్లోంచి జారి అక్కడ పడుతుంది."

"అన్నీ అక్కడే పడతాయా?"

"అన్నీ పడవు. కొన్ని కాలేయానికి పోతాయి, కొన్ని ఇంకెక్కడికో పోతాయి. కానీ గడ్డకి చాలినన్ని పడితే చాలు."

చాలాసేపు వీడియోనే మళ్ళీ మళ్ళీ చూశాడు. నేను అబద్ధం చెప్పి ఉంటే, అన్నీ అక్కడే పడతాయని అనుంటే, వాడు ఒప్పుకునేవాడు కాదని నా అనుమానం. చివరికి ఫోను నా ఒళ్ళో పడేసి, "సరే, వస్తా. నీ పోరు పడలేక వస్తున్నా, అది గుర్తుపెట్టుకో," అన్నాడు. మరదలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఊరికే నీళ్ళు పోతున్న చప్పుడు. 

హమ్మయ్య.

ఫిబ్రవరి 12, బుధవారం

కణాలు చచ్చిపోయాయి.

మందు నింపిన బుడగలు పోసినవి చస్తే పర్లేదు, చావాలనే కదా. ఖాళీ బుడగలు పోసినవి చచ్చాయి. లోపల మందే లేని బుడగలు! అవి పోసిన కణాలు నిమ్మకు నీరెత్తినట్టు ఉండాలి. ఉంటేనే, చంపింది మందు, బుడగకి పాపం లేదు అని చెప్పగలం. పొద్దున మైక్రోస్కోపులో చూస్తే అన్నీ గుండ్రంగా ముడుచుకుని అడుగు వదిలేసి తేలుతున్నాయి. పక్క గిన్నెలో ఏమీ పొయ్యనివి మాత్రం హాయిగా ఉన్నాయి.

కొలతలో ఎక్కడో పొరబడి ఉంటాను. ఈ మధ్య ధ్యాస ఎక్కడుంది గనక?

మళ్ళీ పోశాను.

ఫిబ్రవరి 13, గురువారం

నాకేం భయం లేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మళ్ళీ చచ్చాయి.

సీసా వెలుగులో పెట్టి చూశాను. కొంచెం మసగ్గా ఉన్నట్టుంది. గాజు పాతదయి ఉంటుంది.

మా బుడగల పొరలో వాడేది, ఆసుపత్రి మందు పొరలో వాడేది ఇంచుమించు ఒకే రకం కొవ్వులు. ఇంచుమించు. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను. ఒకటే అనుకుంటే మొన్న వాడి మొహం గుర్తొస్తోంది, వేరు అనుకుంటే వాడి ముందు ఆదివారం అంత ధీమాగా మాట్లాడిందేంటో అర్థం కావడం లేదు.

సాయంత్రం మరదలికి ఫోను చేశాను. "మొన్న వాడు దగ్గినట్టనిపించిందమ్మా. దగ్గుతో ఎందుకు, ఒక వారం వెనక్కి జరిపితే పోలా?" అన్నాను. "దగ్గా?" అంది. తర్వాత "అలాగే వదినా, చూస్తాను," అంది. మంచి పిల్ల, ఎదురు చెప్పదు. ఫోను పెట్టేశాక తేలికపడ్డట్టయింది. హమ్మయ్య అనబోయాను గానీ నోరు రాలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఎదురు చెప్పదట! నా అంత తెలివైనది ఇంకొకతె ఉండదు.

మరదలు టైలరింగ్ షాపులోంచి నేరుగా వచ్చింది, మెడలో టేపు కూడా తియ్యలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, ఆయనకి దగ్గు లేదు. మీరు చెప్పారని రెండు రోజులు ఆయన గొంతుకేసే చూస్తూ కూర్చున్నాను. నిద్రలో కూడా దగ్గలేదు. అసలు సంగతేంటో చెప్పండి."

దగ్గు లేకపోతే మంచిదేగా అన్నాను. ఆమె అలాగే నిలబడింది. ఇక లాభం లేక అంతా చెప్పాను, ఖాళీ బుడగలు, చచ్చిన కణాలు, మళ్ళీ చచ్చిన కణాలు.

"మరి ఆయనకి చెప్పరా?"

"చెప్తే కంగారు పడతాడమ్మా. కాస్త తేల్చుకున్నాక..."

"పడనివ్వండి. అది ఆయన ఒళ్ళు వదినా, మీ ల్యాబ్ కాదు."

అంత మాట నన్నెవరూ అనలేదు. కోపం వచ్చి ఉండాల్సింది. రాలేదు. చెప్పులేసుకుని ఆమె వెంట వెళ్ళాను.

వాడికి అంతా చెప్పి, ఇది తేలేదాకా మందు వద్దురా అన్నాను. అరుస్తాడనుకున్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలి, "నా నెత్తిన పాలు పోశావక్కా," అన్నాడు. ఒక్కసారిగా పదేళ్ళు తగ్గినవాడిలా అయిపోయాడు. టీవీ పెట్టాడు, పాత జోకులేశాడు, కడుపునిండా తిన్నాడు. వాణ్ణి అలా చూసి ఎంత కాలమైందో. సంతోషించాల్సింది పోయి నేనూ మరదలూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం.

ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున డాక్టరమ్మకి ఫోను చేసి గురువారం రామని చెప్పబోయాను. ఎందుకని అడిగింది. చెప్పాను.

"ఈ మందు నేను చాలామందికి ఇచ్చానండి. తంటాలు లేవనను, ఉన్నాయి. కానీ మీరు చెప్పేది నేనెక్కడా చూడలేదు. బుధవారం సాయంత్రం దాకా ఆ మంచం మీకే ఉంచుతాను. ఈలోపు మీ ల్యాబ్‌లో ఏమైందో చూసుకోండి. కానీ ఊరికే ఆలస్యం చెయ్యకండి, ఆయనకి అంత టైము లేదు."

ఆ చివరి మాట విన్నాక ఇక సిగ్గుపడి లాభం లేదని మా మేడమ్ గదికి వెళ్ళాను. ల్యాబ్ ఆవిడదే. ఫొటోలు బల్ల మీద పరిచి ఏడుపు గొంతుతో కథంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక్కటే అడిగింది: "సైజు చూశావా?"

చూడలేదు.

కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు నేను చెప్పే మాట అది. పొయ్యబోయే ముందు బుడగల సైజు చూడండ్రా, నిన్న ఉన్నట్టు ఇవాళ ఉంటాయని నమ్మకండి అని. ఈసారి పోసేటప్పుడు నేను ల్యాబ్ మనిషిని కాదు, వాడి అక్కని. అదే మేడమ్‌తో అన్నాను. "అక్కలు కూడా చూడొచ్చు," అందావిడ, నవ్వకుండా.

సైజు కొలిచే మిషన్లో పెట్టాను. తెర మీద గీసే గీతలో ఒకే గుట్ట రావాలి. రెండొచ్చాయి. మొదటిది ఉండాల్సిన చోటే ఉంది, బక్కచిక్కి. రెండోది ఎంతో దూరాన, ముప్పై రెట్ల పెద్ద సైజు దగ్గర దిట్టంగా కూర్చుంది. బుడగలు కలిసిపోయి ముద్దలు కట్టాయి. నెల కింద చూసినప్పుడు ముద్దన్నది లేదు. ఈలోగా వాటికేమైంది?

ఫ్రిజ్ తలుపు తీసి వెనక మూలకి చెయ్యి పెట్టాను. వేళ్ళు జివ్వుమన్నాయి. వెనక గోడకి మంచు పెచ్చు కట్టి ఉంది. మిగిలిన రెండు సీసాలు దానికి ఆనుకుని ఉన్నాయి. ఒకటి పీకితే గానీ రాలేదు. లోపల సగం గడ్డ కట్టింది.

గడ్డ కడితే ఆ పొర చిరుగుతుంది, కరిగేటప్పుడు పక్కదానికి అతుక్కుంటుంది. కణం బుడగని మింగగలదు గానీ అంత ముద్దని ఏం మింగుతుంది? ముద్దలు బరువుకి కిందికి దిగి వాటి మీద పరుచుకుని ఊపిరాడకుండా చేసి ఉంటాయి. ఎవరి చెయ్యీ తగలకూడదని, అపురూపంగా, నేనే తీసుకెళ్ళి పెట్టాను అక్కడ.

ఫ్రిజ్ ముందు నేల మీద చతికిలబడి నవ్వాను. ఏడ్చాను కూడా. అటు వెళ్తున్నవాళ్ళు పక్కకి తప్పుకుని పోయారు.

ఇంకా వాడికి చెప్పలేదు. ఈసారి చూసి చెప్తాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

కొత్త బుడగలు చేశాను. సైజు చూశాను. మళ్ళీ చూశాను. ఒకే గుట్ట, చక్కగా. ఒక గిన్నెలో ఇవి, ఇంకో గిన్నెలో మంచు తగిలినవి, పక్కన ఏమీ పొయ్యనివి. రేపు చూడాలి.

తిండి సయించలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

బతికే ఉన్నాయి! కొత్త బుడగలు పోసిన గిన్నెలో కణాలన్నీ కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు పరుచుకుని ఉన్నాయి. లోపల మెరిసే చుక్కలు. మింగాయి, బతికాయి. మంచు తగిలినవి పోసిన గిన్నె మళ్ళీ శ్మశానం. నా వెనక నిలబడి మేడమ్ కూడా చూసింది. "వెళ్ళు," అంది. ల్యాబ్ కోటు విప్పకుండానే బయల్దేరాను, వీధి మలుపు దగ్గర గానీ గమనించలేదు.

నా గిన్నెలో కణాలు బతికాయని వాడికేమీ కాదని కాదు. అది నాకు తెలుసు. అడ్డం పడ్డ రాయి నేనే, ఆ రాయి తప్పుకుంది, అంతే. అయినా ప్రాణం లేచొచ్చింది.

వాడు ఫొటోలు చూశాడు. సీసా సంగతి విన్నాడు.

"అంటే నువ్వు దాన్ని చలికి బిగుసుకుపోయేట్టు చేసి, చచ్చాక తప్పు దాని మీద వేశావన్నమాట."

"అవునురా."

"బస్సుని నువ్వే గోతిలోకి తోసి, ఇంజను బాలేదని రిపోర్టు రాశావ్."

"అవునురా బాబూ. ఇంకా అను."

అన్నాడు. చాలా అన్నాడు. మరదలు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత వాడి నవ్వు ఆగిపోయింది. "అయితే రేపు వెళ్ళాలి," అన్నాడు. అడిగినట్టు కూడా కాదు. లేచి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మరదలు అప్పటికే డాక్టరమ్మకి ఫోను కలుపుతోంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఈసారి నేను లెక్చర్లేమీ ఇవ్వలేదు.

నర్సు ముందుగా ఏవో ఇంజక్షన్లు ఇచ్చి, తర్వాత మందు పెట్టింది. ఎంత నిదానమంటే సంచిలో చుక్క కదలడం కూడా కనబడదు. ఆమె మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. మరదలు కాళ్ళ దగ్గర కూర్చుంది. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాడనడం తక్కువ, నలిపేశాడు. మొన్న మొహం కందిన సమయం దాటింది.  నర్సు బీపీ చూసి, "బాగుంది," అని స్పీడు ఒక్క మెట్టు పెంచింది. మళ్ళీ చూసింది, మళ్ళీ బాగుంది. నా భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయని అవి దిగాక తెలిసింది.

సంచి సగమయ్యాక మరదలు టీ తెస్తానని బయటికెళ్ళింది. అప్పుడన్నాడు, పైకప్పు చూస్తూ.

"ఆదివారం నువ్వు వద్దన్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా అక్కా."

"చూశాను కదరా."

"ఆ హాయికే భయమేసింది తర్వాత. పడుకున్నాక. మందు వద్దంటే ఏమవుతుందో నాకు తెలుసు కదా. తెలిసీ అంత హాయిగా ఉందంటే, నాకిక బతకాలని లేదేమో అనుకున్నా. దానికి చెప్పలేక చచ్చాను." మరదలు కూర్చున్న చోటుకేసి చూపించాడు.

వాడి చేతి మీద నా రెండో చెయ్యి కూడా వేశాను.

"నిన్న నువ్వొచ్చాక ఇక వెళ్ళక తప్పదని తేలింది చూడు, భయమేసి తలుపేసుకున్నా. ఇప్పటికీ భయంగానే ఉంది. చూడు, చెయ్యి ఎలా ఉందో." చూశాను. చల్లగా, చెమటగా ఉంది. "ఇంత భయమేస్తోందంటే ఉన్నట్టే కదా. బతకాలని."

"ఉన్నట్టేరా," అన్నాను. "వెధవా," అని కూడా అన్నాను.  నర్సు సంచికేసి తిరిగి, అక్కడ చూడాల్సిందేదో ఉన్నట్టు చాలాసేపు చూసింది.

సంచి ఖాళీ అయింది. మొత్తం.

ఫిబ్రవరి 21, శుక్రవారం

నీరసంగా ఉన్నాడు, నోరు చేదుగా ఉందట. ఇంకేమీ లేదు. మరదలిని విసుక్కుంటున్నాడట. వినడానికి ఎంత బాగుందో.

మార్చి 20, గురువారం

మళ్ళీ ఎక్కించారు. ఎక్కిస్తుంటే నిద్రపోయాడు. ఆ గురకకి పక్క మంచాలవాళ్ళు కూడా నవ్వారు.

ఏప్రిల్ 15, మంగళవారం

స్కాన్ రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ముగ్గురినీ లోపలికి పిలిచింది. తెర మీద పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టింది. గుండె పరీక్ష కూడా బాగుందంది. "గడ్డ తగ్గింది. ఇంకో రెండు విడతలు ఇలాగే తగ్గితే ఆపరేషన్‌కి పంపుతాను," అంది.

మరదలు కూర్చున్న చోటే ఏడ్చేసింది. వాడు "ఇప్పుడెందుకే ఏడుపు, నలుగురూ చూస్తారు," అని కసిరాడు. గదిలో ఉన్నదే నలుగురం. వాడి గొంతూ బాగాలేదు. నేను ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

మెట్లు దిగుతూ వాడు, షెడ్డులో బస్సు ఒక్క రౌండు తిప్పి చూస్తానని మొదలుపెట్టాడు. కాలు బాగయ్యే దాకా కుదరదంటే కుదరదని మరదలు. ఇంటిదాకా అదే గొడవ. నేను ఎవరి పక్కనా మాట్లాడలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అంత హాయి నేనెరగను.

ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాక గుర్తొచ్చింది. ఎంత తగ్గిందో అడగలేదు. ఏ కొలతా లేకుండా ఏ మాటా నమ్మనిదాన్ని, ఆ తెర మీద పక్కనే అంకెలు కూడా ఉన్నాయి, చూడలేదు. తగ్గింది అనగానే నాకు చాలిపోయింది.